గోడకు జ్వరం చూసిన మనిషి

పోయినవాళ్ల మీద ఫిర్యాదు చేయకూడదంటారు. బతికున్నప్పుడు చేయనిచ్చిందా ఆమె? నేను నోరు తెరిచేలోపు తన మాట తను చెప్పేసి, స్కూటీ స్టాండు తీసి వెళ్లిపోయేది. నా ఫిర్యాదులన్నీ అలాగే మిగిలిపోయాయి. ఇప్పుడైనా చెప్పుకుంటాను.

నిన్న మధ్యాహ్నం ఆమె నన్ను మళ్లీ మందలించింది. ఆమె పోయి నెల దాటింది. అయినా మా వంటింటి గోడ మీది తెల్ల డబ్బాలోంచి, ఎప్పటిలాగే గొంతు పెంచి, "అన్నా, కిటికీ తెరువు! వదినకు ఊపిరాడతలేదు. మళ్ల చెప్ప!" అంది. మళ్ల చెప్పనన్న మనిషి అదే మాట ఎన్ని వందలసార్లు చెప్పిందో లెక్కలేదు. మాట మీద నిలబడని మనిషి అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

పైగా ఆ వదిన, అంటే నా భార్య, నిన్న ఇంట్లోనే లేదు. పరకాలలో చెల్లెలి ఇంటికి పోయింది. ఆ సంగతి డబ్బాకు తెలియదు.

ఆమె పేరు రాయను. నన్ను ఆమె ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, నేనెందుకు రాయాలి? ఏదో కాలేజీలో ఏళ్ల తరబడి సివిల్ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఊళ్లో ఇళ్ల వెంట పడింది. అందంగా కట్టించడానికి కాదు, ఇళ్లకు రోగం రాకుండా చూడటానికట. స్కూటీ ముందు బుట్టలో నీళ్ల సీసా, కొలత టేపు, గుడ్డలో చుట్టిన నాలుగైదు డబ్బాలు ఉండేవి. లాప్‌టాప్ సంచి ఎప్పుడూ భుజానికే. ఎండాకాలం మొహానికి తెల్ల చున్నీ చుట్టుకుని వస్తే కళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఆ కళ్లు మన మొహాన్ని చూసేవి కావు. మన వెనక ఉన్న గోడను చూసేవి.

ఎవరింటికి పోయినా మొదట గోడకు చెయ్యి ఆనించేది. అరచెయ్యి కాదు, చేతి వెనుక భాగం. జ్వరం వచ్చిన పిల్లల నొసటి మీద పెట్టి చూస్తామే, అలా. కాసేపు కళ్లు మూసుకుని, "జరమున్నది" అనేది. ఆ తర్వాతే డబ్బా బయటికి తీసేది. డబ్బా వేడిని కొలిచేది, తేమను కొలిచేది, గాలిలో దుమ్మునూ పొగనూ కొలిచేది. చెయ్యి చెప్పిందే డబ్బా కూడా చెప్తే చిన్నపిల్లలా మురిసిపోయేది.

సోఫాలో కూర్చోమంటే కూర్చునేది కాదు. "మీ ఇంట్ల అందరికంటె ఎక్కువ ఉడికే జాగ ఏదొదినా?" అని అడిగి, పోయి అక్కడే నేల మీద చతికిలబడేది. చాయ్ కూడా అక్కడికే తెమ్మనేది. పెద్దమనుషుల ఇళ్లలో ఆ జాగ సాధారణంగా వంటిల్లే. ఇంటాయన హాల్లో ఏసీ వేసుకుని ఒంటరిగా కూర్చోవాల్సి వచ్చేది. అలా ఎంతమందికి అవమానం జరిగిందో నాకు తెలుసు. అందరూ మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

ఎనుమాముల మార్కెట్లో నాది మిర్చి అడ్తి. రైతు తెచ్చిన కాయను అమ్మిపెట్టే పని. కాయను గుప్పిట్లో నలిపి, చప్పుడు విని, తేమ ఎంతుందో చెప్పగలను. ముప్ఫై ఏళ్లుగా మార్కెట్లో అందరూ నన్ను సేటు అంటారు. ఆమె మొదటి రోజే, హమాలీల ముందు, "అన్నా, కాయల తేమ చెప్తవట. గోడల తేమ చెప్పరాదా మరి?" అంది. హమాలీలు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆమెను మా మేస్త్రీ తీసుకొచ్చాడు. అప్పటికి స్థలంలో పునాదికి ముగ్గు పోసి ఉంది. నేను కట్టబోయే ఇంటి ముందు భాగం ఎలా ఉంటుందో రంగుల బొమ్మ వేయించి తెచ్చాను. దాన్ని ఆమె చూడనైనా చూడలేదు. మడిచి, ఎగిరిపోకుండా లాప్‌టాప్ కింద పెట్టింది.

"ఇంట్ల అందరికంటె ఎక్కువసేపు ఎవ్వలుంటరు?" అని అడిగింది.

నేను గొంతు సవరించుకున్నాను. యజమానిని నేనే కదా.

"నువ్వు గాదన్నా. నువ్వు పండుకునేతందుకు వస్తవ్. వదినా, నువ్వు చెప్పు. పొద్దుగాల లేస్తె మళ్ల పండేదాంక ఏడేడ ఉంటవ్?"

నా భార్యను అంతకుముందు ఆ మాట ఎవరూ అడగలేదు. మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఇసుక కుప్ప మీద కూర్చుని చాలాసేపు చెప్పింది. అందులో సగం సంగతులు నాకే తెలియవు. మధ్యాహ్నం పూట వంటింటి గడప మీద తల పెట్టుకుని పడుకుంటుందని, అక్కడైతే కాస్త గాలి తగులుతుందని, నాకు ఆ రోజే తెలిసింది. నాతో చెప్పని మాట ఒక స్కూటీ మనిషితో చెప్పింది.

ఆమె అదంతా లాప్‌టాప్‌లో ఎక్కించింది. ఇంకా ఇటుక కూడా పడని నా ఇల్లు తెర మీద నిలబడింది. వేలితో సూర్యుణ్ని పట్టుకుని తూర్పు నుంచి పడమటికి లాగింది. మే నెల పెట్టింది. గోడలు పసుపు రంగయ్యాయి, నారింజ అయ్యాయి, చివరికి స్లాబు ఎర్రగా నిప్పులా అయింది. కట్టకముందే నా ఇంటిని నా కళ్ల ముందు కాల్చి చూపించింది. శుభమా అని ముగ్గు పోసుకున్న చోట ఇదేం పని?

తెర మీద రెండు చుక్కలు కూడా ఉన్నాయి. ఒకటి నేను, ఒకటి నా భార్య. నా చుక్క పొద్దున్నే గేటు దాటి పోయి, చీకటి పడ్డాక వచ్చింది. రెండోది వంటింట్లోనే తిరుగుతూ ఉంది. కింది గదిలో నేను పెట్టదలచుకున్న మిర్చి గోదాం నుంచి సన్నటి గీతలు బయల్దేరి, మెట్ల మీదుగా పైకెక్కి, వంటింట్లో ఆ చుక్క చుట్టూ ముసురుకున్నాయి.

"గా చుక్క నేనేనా?" అంది నా భార్య.

"నువ్వేనొదినా. అన్న కింద మిర్చి బస్తాలు పెడ్తనంటాండు. ఘాటు కింద ఉండదు. మెట్లు దొరికినయంటె పైకొస్తది. అన్నా, గోదాం ఈడ వద్దు. వంటింటికి ఈ దిక్కు కిటికీ పెట్టు, ఎదురుంగ పైన జాలీ పెట్టు. గాలి ఇట్లొచ్చి అట్ల పోతది."

"ఆ దిక్కు కిటికీ వద్దు మేడం" అన్నాను.

"ఎందుకు?"

"ఆ దిక్కు ఆయనుంటడు."

ఆయనంటే పక్కింటాయన. బట్టల దుకాణం ఉంది. మేం హద్దులు కొలిచిన రోజు, అందరిముందూ, "సేటూ, జానెడు ఇటొచ్చినవ్" అన్నాడు. టేపు మళ్లీ పెట్టి చూస్తే ఆయన మాటే నిజమైంది. నిజమైతే మాత్రం? మెల్లగా పక్కకు పిలిచి చెప్పొచ్చు కదా. ఆ రోజు నుంచి ఆయన మొహం చూడలేదు.

ఆమె నన్ను అప్పుడు మాత్రం గోడను చూసినట్టు కాసేపు చూసింది. "గాలికి మీ పంచాయితి తెల్వదన్నా. అది ఆ దిక్కు నుంచే వస్తది."

నేను గోదాం కట్టాను. కిటికీ, జాలీ నా భార్య పట్టుబట్టి పెట్టించింది. నేను కిటికీకి రెండు గడియలు పెట్టించి, బిగించి ఉంచాను. ఎదురింటి గోడ మీద పాత వరద మచ్చ చూపించి, బేస్మెంటు ఎత్తు పెంచమని కూడా ఆమె చెప్పింది. అది పెంచాను, కానీ ఆమె చెప్పిందని కాదు. పక్కింటాయనది రెండడుగులుంది, నాది మూడడుగులు ఉండాలని పెంచాను. మరుసటేడు వానలకు వీధంతా మునిగితే నీళ్లు మా రెండో మెట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. తెల్లారి ఆమె వచ్చి మెట్టు చూసుకుంది, గోడకు చెయ్యి ఆనించింది, వెళ్లిపోయింది. "నేను చెప్పలేదా" అంటే, "నీకోసం పెంచలేదు" అందామని మాట సిద్ధం చేసుకుని ఉన్నాను. అననే లేదు.

అననివ్వకపోవడం ఒకటైతే, అనకూడని చోట అనడం ఇంకొకటి. గృహప్రవేశం రోజు చుట్టాలంతా భోజనాల బంతిలో కూర్చున్నారు. ఆమె వచ్చింది. అందరూ చూస్తుండగా వంటింటి గోడకు చెయ్యి వెనక్కి తిప్పి పెట్టింది. "జరమున్నదన్నా నీ ఇంటికి" అంది. మా మేనత్త చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కొత్తింట్లో పాలు పొంగిన రోజు అనే మాటేనా అది? పక్కింటాయన ఆ రోజు రానేలేదు. వాచ్‌మన్‌తో ఒక స్టీలు డబ్బా పంపించాడు. దాని మూత నేను ఇప్పటిదాకా తీయలేదు.

తెల్ల డబ్బా ఆ వారమే వచ్చింది. నా భార్య పెట్టించుకుంది. దానికి ఒక పక్క వరసగా చిన్న రంధ్రాలు, గాలి పీల్చుకోవడానికి. ముందు ఒక చిన్న దీపం. గాలి బాగుంటే పచ్చ, బాగాలేకపోతే పసుపు, మరీ చెడితే ఎరుపు. ఎరుపైతే మాట్లాడుతుంది. ఏ మాట పెట్టాలని ఆమె అడిగితే నా భార్య, "మంచిగ చెప్తె ఆయన ఇనడు మేడం. తిడితె ఇంటడు" అందట. ఇద్దరూ నవ్వుకుంటూ రికార్డు చేశారు. నేను హాల్లో పేపర్ చదువుకుంటూ అంతా విన్నాను.

రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు ఆ గొంతు. తాలింపు వేస్తే అన్నా. కింద బస్తాలు కదిపితే అన్నా. మధ్యాహ్నం స్లాబు కాగితే అన్నా. నేను మార్కెట్లో ఉన్నా నా ఫోనుకూ, ఆమె ఫోనుకూ సందేశం వచ్చేది. ఒకసారి మే నెలలో ఓపిక పట్టలేక, ఈమె ఇల్లు ఎంత చల్లగా ఉందో చూద్దామని, మిట్టమధ్యాహ్నం నేరుగా ఆమె ఇంటికే పోయాను.

పై అంతస్తులో ఒక్క గది, అద్దెకు. నేరుగా స్లాబు కింద. ఉడికిపోతూ ఉంటుంది, పట్టుకుంటాను అనుకున్నాను. లోపల అడుగు పెడితే ఒళ్లు చల్లబడింది. ఏసీ ఎక్కడ దాచిందా అని మంచం వెనక కూడా చూశాను. లేదు. పైకి తీసుకెళ్లి చూపించింది. స్లాబు నిండా మట్టికుండలు బోర్లించి, వాటి మీద తెల్లసున్నం వేసి, పడమటి పిట్టగోడకు బీర పాదు ఎక్కించింది.

"ఏం డబ్బాలు, ఏం లాప్‌టాప్‌లు మేడం? కుండలు బోర్లించుమని ముందుగాల్నే చెప్తె అయిపోవు గదా" అన్నాను.

"ఎవ్వల ఇంటికి ఏది పనిచేస్తదో డబ్బా చెప్తది. నాకు కుండలు పనిచేసినయ్. నీకు కిటికీ పనిచేస్తది. నువ్వేమో అది తప్ప అన్ని చేస్తవ్."

ఆమె గోడ మీద కూడా ఒక డబ్బా ఉంది. అది మాట్లాడదు. ఎందుకని అడిగాను. "నాకు ఎవ్వలు చెప్తరన్నా?" అని నవ్వి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. దెబ్బలాడటానికి వచ్చినవాడికి మజ్జిగ ఇస్తే ఏం మాట్లాడతాం? తాగి వచ్చేశాను. అందులో ఉప్పు తక్కువైంది.

అసలు సంగతి దసరాకు జరిగింది. ఆయుధపూజ నా చేతి మీదుగానే అవుతుంది. కాంటా, కారు, బస్తాలు కుట్టే మిషను, ఇంట్లో మిక్సీ దాకా అన్నిటికీ పసుపు రాసి, కుంకుమ పెడతాను. ఏదీ వదిలిపెట్టే అలవాటు నాకు లేదు. డబ్బా కూడా యంత్రమే కదా. ఎంత కోపమున్నా దేవుడి దగ్గర పక్షపాతం చూపించకూడదని, తడిపసుపు ముద్దచేసి దానికి దట్టంగా రాశాను. ముందు భాగంలో దీపం ఉంది కదా, పక్కనుంచి రాశాను. మధ్యలో కుంకుమ.

మరునాటి నుంచి ఇల్లు మారిపోయింది. తాలింపు వేస్తే పచ్చ. గోదాంలో బస్తాలు కదిపితే పచ్చ. దీపావళి టపాకాయలకు ఊరంతా పొగైనా మా వంటింట్లో పచ్చ. ఆమె గొంతు లేదు. నాకు ఎంత ప్రశాంతంగా ఉందో. ఇన్నాళ్లకు ఇల్లు నా మాట విన్నది. ఆ సంతోషం ఒక్కణ్నే అనుభవించలేక ఆమెకు ఫోన్ చేశాను.

"మేడం, మీ డబ్బానే మా ఇంటిని పాస్ చేసింది. గోదాం ఆడనే ఉన్నది, కిటికీ మూసే ఉన్నది. ఇప్పుడేమంటరు?"

"నేను గూడ చూస్తాన్న అన్నా. గంత మంచిగ ఎట్లయితాందని. వదిన దగ్గు తగ్గిందా?"

"దగ్గుకేంది, ఉంటది."

ఫోన్ పెట్టేసింది. అరగంటలో గేటు ముందు స్కూటీ ఆగింది. లోపలికి వస్తూనే గోడకు చెయ్యి కూడా ఆనించకుండా డబ్బా దగ్గరికి పోయింది. పక్కకు వంగి చూసింది. ఎండిపోయిన పసుపు రంధ్రాలన్నిటినీ మూసేసి ఉంది.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా భార్య తల్లోంచి పిన్ను అడిగి తీసుకుని, ఒక్కో రంధ్రం నుంచి పసుపు గీకుతూ, "బొట్టు నొసట పెడ్తరు గని ముక్కుల కుక్కుతరా అన్నా?" అంది.

ఆఖరి రంధ్రం తెరుచుకుంది. కాసేపటికి పచ్చ పోయి పసుపయింది, పసుపు పోయి ఎరుపయింది. డబ్బా అరిచింది. ఒకే గదిలో మనిషి, ఆ మనిషి గొంతు, ఇద్దరూ నా మీదనే. నా భార్యకు దగ్గు తెర వచ్చి పొయ్యి గట్టును పట్టుకుని నిలబడింది. ఆ మనిషి చటుక్కున ఆమె వీపు నిమిరి, చేతి సంచిలోంచి ఇన్‌హేలర్ తీసి నోటికి అందించింది. ఆ సంచి నా భార్యది. అందులో ఇన్‌హేలర్ ఉంటుందని నాకు తెలియదు.

"ఇదెప్పటిది?" అన్నాను.

"శ్రావణమాసం కాడ్నుంచి" అంది నా భార్య, ఊపిరి అందాక. "మేడం బండి మీద దవాఖానకు పొయ్యొచ్చిన."

"నాకెందుకు చెప్పలే?"

"మీకు చెప్తె ఏమంటరు? దగ్గుకేంది, ఉంటది అంటరు."

నేను ఆ మాట ఫోన్లో అన్నప్పుడు నా భార్య ఇంట్లోనే లేదు, గుడికి పోయింది. వినకుండానే అక్షరం పొల్లుపోకుండా అప్పగించింది. నా జీవితంలో నాకు జరిగిన అవమానాలన్నీ గుర్తున్నాయి. అన్నిటికన్నా పైన ఉన్నది అదే. దాన్ని ఎవరి మీద వేయాలో మాత్రం నాకు ఇప్పటిదాకా తెలియలేదు.

మరునాడు పొద్దున్నే హమాలీలను పిలిచి గోదాం ఖాళీ చేయించాను. బస్తాలన్నీ కోల్డ్ స్టోరేజీకి పంపించాను. గది కడిగించి, సున్నం వేయించాను. ఆమెకు చెప్పలేదు. రెండు రోజులు ఆగి, నా అంతట నేనే, తీరిగ్గా చెబుదామనుకున్నాను. సాయంత్రానికే నా ఫోనుకు ఒక బొమ్మ వచ్చింది. మా ఇంటి గాలిలో ఘాటు చూపించే గీత ఒకటి కొండ మీంచి దిగినట్టు కిందికి దిగి ఉంది. కింద ఒక్క మాట: "దండాలన్నా." డబ్బా చెప్పేసింది. చేసిన మంచిపని చెప్పుకునే భాగ్యం కూడా లేకుండా చేసిందామె.

కిటికీ మాత్రం ఆమె గొంతు వినబడ్డప్పుడే తెరిచేవాణ్ని. అదీ బెత్తెడు. పక్కింటాయన వంటింటి కిటికీ సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

ఆఖరిసారి వచ్చింది నా మోకాలి ఆపరేషన్ తర్వాత. అడ్తి మా తమ్ముడి కొడుక్కి అప్పగించి నేను ఇంటిపట్టునే ఉంటున్నాను. ఆమె వంటింటి గడప దగ్గర నేల మీద కూర్చుని, "ఇప్పుడు ఇంట్ల ఎక్కువసేపు ఎవ్వలుంటాన్నరన్నా?" అని అడిగింది. లాప్‌టాప్ తెరిచింది. గేటు బయట ఉన్న నా చుక్కను వేలితో పట్టుకుని, హాలు దాటించి, వంటింట్లో రెండో చుక్క పక్కన పెట్టింది.

"ఇగో, ఇంటికొచ్చినవ్" అంది.

ఆ తర్వాత ఒకరోజు నిద్రలోనే పోయిందట. నాకు మూడోరోజు తెలిసింది, అదీ మేస్త్రీ చెప్తే. నాకు కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఇదీ గుర్తుపెట్టుకున్నాను.

అప్పటి నుంచి నా భార్య తెల్లారుతూనే కిటికీ రెండు రెక్కలూ తెరిచిపెడుతోంది. నేను మూయడం లేదు. ఆమెకు దగ్గు చాలా తగ్గింది. గోదాం లేదు, ఘాటు లేదు, స్లాబు మీద సున్నం వేయించాం. దీపం పొద్దస్తమానం పచ్చగానే ఉంటోంది. దాంతో ఏమైందంటే, నెల రోజులుగా డబ్బా ఒక్క మాట మాట్లాడలేదు. ఇల్లు బాగుంటే ఆమె గొంతు వినబడదు. అలా పెట్టిపోయింది.

నిన్న నా భార్య పరకాల బస్సెక్కాక, కిటికీ మూసి రెండు గడియలూ పెట్టాను. పొయ్యి వెలిగించి బాండీ పెట్టాను. మంచి ఘాటున్న కాయలు చూసి గుప్పెడు వేశాను. నాకు వంట రాదు, కాయను ఎంచడం వచ్చు. మాడిన వాసన లేచింది. పచ్చ, పసుపు, ఎరుపు.

"అన్నా, కిటికీ తెరువు! వదినకు ఊపిరాడతలేదు. మళ్ల చెప్ప!"

"నాకు మూడోరోజు దాంక కబురెందుకు లేదు మేడం?" అని అడిగాను. ఇంకా చాలా అడగాలి. గృహప్రవేశం రోజు మాట ఉంది, హమాలీల ముందు మాట ఉంది. దవాఖానకు తీసుకుపోయిన సంగతి ఉంది, దానికి నేను చెప్పాల్సిన మాట కూడా ఒకటి ఉంది. దగ్గు అడ్డం పడింది. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. ఊపిరాడకపోవడం ఏమిటో అప్పుడు తెలిసింది. తడుముకుంటూ పొయ్యి ఆర్పి, గడియలు లాగి, కిటికీ రెక్కలు రెండూ బార్లా తోశాను.

ఎదుటి కిటికీలో పక్కింటాయన నిలబడి ఉన్నాడు.

"సేటూ! ఏందా పొగ? చెల్లెకేం గాలే గద?" అన్నాడు. చెల్లె అంటే నా భార్యే. ఆయన మొహంలో భయం ఉంది. మా ఇంట్లో దగ్గు ఇన్నేళ్లుగా ఆయనకు కూడా వినబడుతూనే ఉందన్నమాట.

దగ్గుతూనే చెయ్యి ఊపాను. "ఏం గాలే. ఊర్లె లేదు."

"మరి పొయ్యికాడ ఎవ్వలు?"

"నేనే."

ఆయన నవ్వలేదు. "జర గాలికి నిలబడు సేటూ. కిటికీ మూయకు" అని, నా దగ్గు ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు. గాలి ఆ దిక్కు నుంచే వచ్చింది. దీపం మెల్లగా పచ్చబడింది, డబ్బా మాట ఆగిపోయింది.

మొహం మీదనే మూస్తే మర్యాదగా ఉండదని కిటికీ అలాగే వదిలేశాను. ఇవాళ కూడా తెరిచే ఉంది. జానెడు సంగతి మాత్రం నేను మరిచిపోలేదు.